రేడియో మిషను డ్రైవరన్న

డ్రైవరన్న పోయాడని వాళ్ళ పెద్దమ్మాయి ఫోను చేసి చెప్పింది. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు తెమ్మని పంపి, అది చేతికి వచ్చేలోపే కుర్చీలోనే వెళ్ళిపోయాడట. ఆ ఫోను వచ్చేసరికి నేను మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నాను. మాట్లాడి పెట్టేశాక చేతిలో ఉన్న తువ్వాలు దులపబోయి ఆగాను. అంచు నుంచి అంచు దాకా అరచేత్తో ఒకసారి తడిమి చూసుకుని, అప్పుడు దులిపాను. ముప్పై ఏళ్ళ నాటి అలవాటు ఇది. "ఏం పోగొట్టుకున్న్యావత్తా?" అని మా కోడలు ఎప్పుడూ ఎగతాళి చేస్తుంది. పోగొట్టుకున్నది, దొరికింది కూడా. దొరికించినాయన ఇప్పుడు లేడు కాబట్టి ఆ సంగతి చెప్పాల్సిన బాధ్యత నాది.

ఆయన నాకు చుట్టం కాదు. ఆయనది కోనసీమ, నాది రాయచోటి పక్కన ఒక పల్లె. తొంభైల్లో ఖతార్‌లో నేను ఒక ఇంట్లో పనిమనిషిని, ఆయన పక్కింట్లో డ్రైవరు. మా ఊళ్ళో ఇప్పటికీ నన్ను 'కువైటుకు పోయొచ్చినామె' అనే అంటారు. ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట వాళ్ళ చెవికి ఎక్కదు. రెండు ఇళ్ళ వాళ్ళూ ఇంగ్లీషువాళ్ళే, ఇంటాయనలిద్దరూ ఇంజనీర్లే. మా ఇంటాయన్ని సార్ అనేవాళ్ళం, పక్కింటాయన్ని సాహెబ్ అనేవాళ్ళం. ఇద్దరికీ మధ్య ఒకటే గోడ, ఇద్దరికీ ఒకటే పిచ్చి.

ఆ పిచ్చి ఏమిటంటే, మట్టిలో లోహం వెతికే మిషన్లు. పొడుగాటి కర్రకు కింద పళ్ళెం లాంటిది ఉంటుంది, పైన ఒక పెట్టె, చెవులకు హెడ్‌ఫోన్లు. నేలకు ఆనీ ఆనకుండా పళ్ళేన్ని అటూ ఇటూ ఆడిస్తూ నడుస్తారు. కింద ఇనుమో ఇత్తడో ఉంటే కూత పెడుతుంది. నెలకొక శుక్రవారం ఈ పిచ్చి ఉన్నవాళ్ళంతా పడమటి సముద్రం ఒడ్డున పోటీ పెట్టుకునేవాళ్ళు. తాడు కట్టిన మడిలో ముందే ఇత్తడి బిళ్ళలు పాతిపెడతారు. ఈల వేసినప్పటి నుంచి గంట. ఎక్కువ బిళ్ళలు తీసినవాడే మొనగాడు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసే మగవాళ్ళు మండుటెండలో మోకాళ్ళ మీద పాకుతూ ఇసుక జల్లిస్తుంటే, మొదటిసారి చూసినప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

పోటీ నెలకొకసారి, వాదన మాత్రం రోజూ. ఎవరి కంపెనీ మిషను గొప్పది అని. మా సీమలో బండలాగుడు పోటీలప్పుడు ఎద్దుల ఆసాములు కూడా అంత గొడవ పడరు. ఆ కంపెనీల పేర్లు నాకు నోరు తిరిగేవి కావు. డ్రైవరన్నే మాకు అర్థమయ్యే పేర్లు పెట్టాడు. సార్ మిషనుకు చిన్న తెర ఉండేది. కింద ఉన్నది ఇనుమా, వెండా, పనికిరాని చెత్తా అని గీతలతో చూపించేది. దాని పేరు టీవీ. సాహెబ్‌ది పాతది, తెర లేదు, చప్పుడొక్కటే. అది రేడియో. ఆస్ట్రేలియా ఆయన ఒకడు తెచ్చే మిషను కనబడిన ప్రతిదానికీ ఈల వేసేది కాబట్టి అది కుక్కరు. గురువారం సాయంత్రాలు మా పెరట్లో నాణేలను జానెడు లోతున ఒకటి, మూరెడు లోతున ఒకటి పాతి, ఏ మిషను పసిగడుతుందో చూసేవాళ్ళు. నేను టీ తెచ్చి పెడితే టీ చల్లారేది గానీ వాళ్ళు చల్లారేవాళ్ళు కాదు. మా సార్ ముగింపు మాట ఎప్పుడూ ఒకటే. తన మిషను లేదని చెప్పిందంటే అక్కడ లేనట్టే.

సాహెబ్‌కు మోకాలు నొప్పి. అందుకని పోటీల్లో ఆయన కుర్చీలో కూర్చుంటే, రేడియో పట్టుకుని తిరిగేది డ్రైవరన్న. తలకు తుండుగుడ్డ చుట్టి, దాని మీద హెడ్‌ఫోన్లు పెట్టి, కళ్ళు సగం మూసుకుని నడిచేవాడు. లారీల మీద క్లీనరుగా మొదలైన మనిషి ఆయన. ఇంజను చప్పుడు విని ఏ నట్టు వదులైందో చెప్పేవాడట. ఆ చెవే ఇక్కడా పనిచేసింది. ఇది నాణెం, ఇది మేకు, ఇది సీసా మూత అని తవ్వకముందే చెప్పి, తర్వాత తవ్వి చూపించేవాడు. పదింట ఎనిమిదిసార్లు నిజమయ్యేది. తప్పిన రెండింటినీ చూసి మహా సంతోషపడేవాడు. "ఇదిగో, ఇయ్యాల కొత్త పాఠం" అనేవాడు.

ఒకసారి సరదాకు నా చేతికి ఇచ్చాడు. అడుగేస్తే కూత, ఆగితే కూత. ఖతార్ అంతా నా కాళ్ళ కిందే నిధి పాతిపెట్టి ఉందనుకుని పెరట్లో నాలుగు చోట్ల తవ్వేశాను. ఏమీ లేదు. డ్రైవరన్న గోడకు చేరగిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. "చెల్లెమ్మా, ముందు కాలి పట్టీలు తియ్యవే తల్లీ! నిధి నీ కాళ్ళకే ఉంది" అన్నాడు. తవ్విన గుంతలన్నీ నాచేతే పూడ్పించాడు. ఎవరు తవ్విన గుంత వాళ్ళే పూడ్చాలని, లేకపోతే ఏ పసివాళ్ళ కాలో మడతపడుతుందని ఆయన పట్టుదల. పోటీ ముగిశాక కూడా మడి అంతా తిరిగి, ఇతరుల గుంతలు కాలితో సర్దుకుంటూ వచ్చేవాడు.

ఆయన చేసే ఇంకొక పని అందరికీ నవ్వులాటగా ఉండేది. కూల్‌డ్రింకు డబ్బాల మూత లాగితే చిన్న రింగు ఊడి వస్తుంది కదా, ఆ తీరమంతా అవే. వాటి బాధ పడలేక అందరూ తమ మిషన్లకు ఆ చప్పుడు వినబడకుండా మీట తిప్పి పెట్టుకునేవాళ్ళు. డ్రైవరన్న తిప్పేవాడు కాదు. ప్రతిదాన్నీ తవ్వి, జేబులో వేసుకుని, ఇంటికొచ్చాక దారానికి గుచ్చేవాడు. ఆయన గది గుమ్మానికి మామిడాకులకు బదులు డబ్బా రింగుల తోరణం ఉండేది. ఎందుకన్నా ఈ చాకిరీ అని అడిగాను.

"సన్నటి బంగారపుటుంగరం, ఈ రేకు రింగు, మిషను చెవికి ఒక్కలాగే ఉంటాయమ్మా. దీని నోరు మూయిస్తే దాని నోరూ మూసుకుపోద్ది. చెత్త అనే మాట మిషను చెప్పకూడదు. తవ్విన చెయ్యి చెప్పాల" అన్నాడు.

అప్పుడు ఆ మాట నాకు మిషను గురించిన మాటగానే వినబడింది.

ఒక శుక్రవారం మా ఇంటివాళ్ళు ఆ తీరానికే పోయారు. వాళ్ళ పాపను చూసుకోవడానికి నన్నూ తీసుకుపోయారు. ఈత కొలను పక్కన కుర్చీలున్నట్టు అక్కడ వరసగా ఖర్జూరపు మట్టల పందిళ్ళు ఉండేవి. రెండో పందిరి ముందు చాప పరిచాం. మర్నాడు పొద్దున మేడం తన పెళ్ళి ఉంగరం కనబడలేదంది. స్నానాల గది, పడకలు, కారు సీట్లు అన్నీ వెతికారు. సార్ ఆదివారం, సోమవారం డ్యూటీ దిగగానే తీరానికి పోయి టీవీతో ఆ చోటంతా వెతికి వచ్చాడు. రెండోరోజు వచ్చి మిషను గోడకు ఆనించి, నా ముఖం చూడకుండా మేడంతో చెప్పాడు. ఉంగరం అక్కడ లేదట. మిషను లేదని చెప్పిందట.

అక్కడ లేకపోతే ఇంట్లో ఉండాలి. ఇంట్లో లేకపోతే నా దగ్గరుండాలి. ఆ లెక్క చెయ్యడానికి ఏ మిషనూ అక్కర్లేదు. నా పెట్టె తెరిపించి చీరలన్నీ ఒక్కొక్కటి విప్పి చూశారు. వాళ్ళు నన్ను కొట్టలేదు, తిట్టలేదు, పోలీసులకు చెప్పలేదు. వచ్చే శనివారానికి టికెట్టు తీశాం, ఇంటికి పొమ్మన్నారు, అంతే. ఆ మర్యాద కంటే తిట్టినా బాగుండేది. ఊళ్ళో నా భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి వచ్చినదాన్ని. ఆరు నెలలకే వెనక్కి పంపించారంటే కారణం అడగని మనిషి ఉండడు. దొంగ అనే పేరు మొయ్యాల్సింది నేనొక్కదాన్నే కాదు, పిల్లలు కూడా.

మంగళవారం మధ్యాహ్నం గోడ దగ్గర నిలబడి ఏడుస్తుంటే డ్రైవరన్న విన్నాడు. అప్పటికి నాకొక సంగతి గుర్తొచ్చింది, దానికే మరీ భయం పట్టుకుంది.

"అన్నా, పాపకు నూనె పూసేటప్పుడు మేడం ఉంగరం తీసి తువ్వాలు మీద పెట్టినట్టుంది. పోయే ముందర ఇసుక పోవాలని నేను ఆ తువ్వాలు దులిపినా. ఇప్పుడు చెప్తే నమ్ముతారా? మూడు దినాలు యాడికి పోయింది నీ నోరు అంటారు."

"ఊరుకో. ఏడిస్తే ఉంగరం వచ్చేస్తదా? ఎటేపు తిరిగి దులిపేవు?"

"గుర్తు లేదన్నా."

"నీకు లేకపోతే నీ చేతికి ఉంటాది. రా."

కారు డిక్కీలోంచి ఉంగరమంత బరువుండే ఒక నట్టు తీసి, మా ఇంటి తువ్వాలు మీద పెట్టించాడు. గాలి ఎటుందో అడిగాడు. సముద్రం వైపు నుంచి అన్నాను. గాలికి ఎదురుగా ఎవరూ దులపరు, ఇసుక కళ్ళల్లో పడుతుంది కాబట్టి, నేను సముద్రానికి వీపు పెట్టి నిలబడే దులిపి ఉండాలన్నాడు. పాప ఏ చేతి వైపుందో అడిగాడు. కుడి వైపు. అయితే పాప మీద పడకుండా ఎడమకు తిరిగే దులిపి ఉండాలన్నాడు. అలాగే నిలబెట్టి దులపమన్నాడు. నట్టు పోయి పడిన చోట ఒక రాయి పెట్టాడు. మళ్ళీ దులిపించాడు. పన్నెండుసార్లు దులిపించి పన్నెండు రాళ్ళు పెట్టాడు. ఒక్కటి తప్ప అన్నీ ఐదు అడుగుల నుంచి ఏడు అడుగుల మధ్య, మంచమంత చోటులోనే పడ్డాయి. నా చెయ్యి నాకంటే నిజాయితీగా సాక్ష్యం చెప్పింది. చదువుకున్న ఇద్దరు ఇంజనీర్లకు తట్టనిది ఈయనకు తట్టింది.

"పోయి తీసుకురా అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాను.

"నేను తేకూడదమ్మా. నా చేతికి దొరికితే ఏమంటారు? నువ్వు దాచినది నేను పాతి, మళ్ళీ నేనే తీసేనంటారు. ఆవిడ చేతికే దొరకాల. అందరూ చూస్తుండగా దొరకాల" అన్నాడు. ఆ తర్వాత వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టి, "శుక్రవారం పోటీ ఉంది. తీరం మీద మిషను నా చేతికి వచ్చేది అప్పుడే" అన్నాడు.

శుక్రవారం నన్నూ తీసుకుపోయారు, పాపను ఎత్తుకోవడానికి. మర్నాడు నా ప్రయాణం. తీరం మీద ముప్పై మంది దాకా ఉన్నారు. పోయిన నెల రేడియో గెలిచింది, ఈ నెల టీవీ గెలవాలని సార్, మళ్ళీ గెలవాలని సాహెబ్ ఒకరినొకరు కవ్వించుకుంటున్నారు. ఈల వేశారు. అందరూ తాడు దాటి మడిలోకి ఉరికారు. డ్రైవరన్న ఒక్కడు మడికి వీపు తిప్పి, రెండో పందిరి వైపు నడిచాడు.

సాహెబ్ కుర్చీలోంచి లేచి కేకలు పెట్టాడు. మోకాలి నొప్పి కూడా మరిచిపోయాడు. డ్రైవరన్న చెయ్యెత్తి "సారీ సార్, వన్ మినిట్ సార్" అన్నాడు. ఆ ఒక్క నిమిషం అరగంట దాటింది. పందిరి ముందు అడుగులు కొలుచుకుని, మంచమంత చోటు చుట్టూ మడమతో గీత గీశాడు. కళ్ళు మూసుకుని మిషను ఆడించడం మొదలుపెట్టాడు. కూత వచ్చిన చోటల్లా తవ్వాడు. డబ్బా రింగు. మళ్ళీ డబ్బా రింగు. మేకు. డబ్బా రింగు. తీసినవన్నీ అందరికీ కనబడేలా ఒక పళ్ళెంలో వేశాడు. మడిలో బిళ్ళలు ఏరేవాళ్ళు తలెత్తి చూసి నవ్వారు. గీత లోపల ఇక జానాబెత్తెడు చోటు మిగిలింది.

అక్కడ ఆగాడు. మిషను పళ్ళేన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు, గుడ్డుమీద ఆడించినంత మెల్లగా తిప్పాడు. కూత వచ్చింది. అన్ని రేకు రింగులకూ వచ్చిన కూత లాంటిదే, నా చెవికి ఏ తేడా లేదు. ఆయన తవ్వలేదు. హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు. మిషనును దూరంగా పడుకోబెట్టాడు. తవ్వే గరిటెను కూడా దూరంగా విసిరేశాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, రెండు అరచేతులూ తెరిచి ముందుకు చాపి నిలబడ్డాడు.

"మేడం, ప్లీజ్. యూ కమ్. యూ డిగ్" అని పిలిచాడు.

మేడం లేచి వచ్చింది. ఆమె వెనక సార్, సాహెబ్, పోటీకి టైము చూసే ముసలాయన. మడిలో వాళ్ళు కూడా పోటీ వదిలేసి వచ్చారు. డ్రైవరన్న ముందు నేలను చూడమన్నాడు. ఆ వారంలో అలలు ఒకసారి అంతవరకూ వచ్చి తడిపి పోయాయి. తర్వాతి ఎండకు ఇసుక మీద ఉప్పు పెచ్చు కట్టింది. అప్పడంలా పలచగా, తెల్లగా, ఎక్కడా పగుళ్ళు లేకుండా ఉంది. "నో బ్రేక్ మేడం. సీ. నో బడీ టచ్" అన్నాడు. టైము చూసే ముసలాయన వంగి, కళ్ళజోడు సర్దుకుని చూసి, అవునన్నట్టు తలాడించాడు.

అప్పుడు నాకు అర్థమైంది ఆయన ఏం పణం పెట్టాడో. ఆ పెచ్చు ఒక్కసారే పగులుతుంది. కింద ఉన్నది ఇంకో రేకు రింగైతే నేను ఎలాగూ దొంగనే, ఆయన నాకు తోడుదొంగ. పోటీ పోతుంది, సాహెబ్ దగ్గర మాట పోతుంది, బహుశా ఉద్యోగమూ పోతుంది. తన చెవిని తప్ప దేన్నీ నమ్ముకోకుండా ముప్పై మంది ముందు ఖాళీ చేతులతో నిలబడ్డాడు. నా జీవితంలో గుళ్ళో దేవుడి ముందు కూడా నేను అంత భయభక్తులతో నిలబడలేదు.

మేడం మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో పెచ్చు పగలగొట్టింది. పిడికెడు ఇసుక తీసింది. రెండో పిడికిలి తెరిచింది. ఇసుకలో ఉంగరం ఉంది.

ఎవరో చప్పట్లు కొట్టారు. మేడం కొట్టలేదు, లేవలేదు. తల వంచుకునే నన్ను పిలిచి ఉంగరం నా చేతిలో పెట్టింది. ఉప్పు అంటుకుంది, మంచినీళ్ళతో కడిగి తెమ్మంది. నాలుగైదు రోజులుగా నన్ను ఒక వెండి చెంచా కూడా ముట్టనివ్వని మనిషి. కడుగుతుంటే నా కళ్ళనీళ్ళు కూడా అందులో కలిసిపోయాయి. అదే ఆమె క్షమాపణ అనుకున్నాను, నాకు అది సరిపోయింది. డ్రైవరన్నకు సరిపోలేదు. "నోటితో తీసిన పరువు నోటితోనే ఇవ్వాల" అని గొణిగాడు. రెండు రోజుల తర్వాత మేడం వంటింట్లోకి వచ్చి, తప్పు తనదేనని నోటితో కూడా చెప్పింది. నేను ఆ ఇంట్లో ఇంకో నాలుగేళ్ళు పనిచేశాను. మా పిల్లల చదువులు ఆ నాలుగేళ్ళలోనే నిలబడ్డాయి.

ఇక సార్, సాహెబ్ ఏం చేశారనుకున్నారు? తర్వాతి గురువారమే పెరట్లో మళ్ళీ మొదలు. తన పాత మిషనే గొప్పదని ఉంగరం తేల్చేసిందని సాహెబ్. మీట తిప్పకుండా ఉంటే తన మిషను ఇంకా ముందే చూపేదని సార్. రేడియో కంపెనీ గొప్పతనం గురించి సాహెబ్ ఊరంతా చెప్పుకున్నాడు, ఆ గర్వంలో డ్రైవరన్న మీద కోపం మరిచిపోయాడు. అంతటి తెలివైనవాళ్ళలో ఒక్కరు కూడా, పందిరి ముందు ఆ మంచమంత చోటే ఎందుకు గీశావని ఆయన్ని అడగలేదు. ఆయనా చెప్పలేదు. నేను అడిగితే నవ్వి, "గెలిచింది రేడియో కాదు, టీవీ కాదు, నీ తువ్వాలు" అన్నాడు.

తర్వాత ఇద్దరం ఎవరి ఊరికి వాళ్ళం వచ్చేశాం. పండక్కి పండక్కి ఫోను చేసుకునేవాళ్ళం. నాలుగేళ్ళుగా ఆయనకు వినికిడి తగ్గింది. ఆ చెవికి కూడా ముసలితనం వస్తుందని నేను ఒప్పుకోలేక, ఫోనులో గట్టిగా అరిచి మాట్లాడటానికి మనసొప్పేది కాదు. వాళ్ళమ్మాయి నా మాటలు ఆయనకు సైగలతో చెప్పేది. ఆయన తెచ్చుకున్న డబ్బా రింగుల తోరణం ఇంకా వాళ్ళ వీధి గుమ్మానికే ఉందట, గాలికి గలగలమంటుందట. తీసెయ్యమంటారా అత్తా అని ఆ పిల్ల అడిగింది. తీయొద్దమ్మా అన్నాను.

కోనసీమ పోయి ఆయన్ని చివరిసారి చూడటానికి నాకు ఒంట్లో ఓపిక లేకపోయింది. చూడకపోవడమే మంచిదైంది అనుకుంటాను. నేను కళ్ళు మూసుకుంటే ఆయన ఇంకా ఆ తీరం మీదే ఉన్నాడు. తలకు తుండుగుడ్డ, మెడలో హెడ్‌ఫోన్లు, కాళ్ళ ముందు పగలని తెల్లటి ఉప్పు పెచ్చు. ఎండలో రెండు అరచేతులూ తెరిచి అందరికీ చూపిస్తున్నాడు. వాటిలో ఏమీ లేదు.